శాసనము సత్యము పలుకవలెను

ఇటీవల నొక పట్టణమున పఠనమందిరమునకు మేము పోయినప్పుడు, అచ్చట పత్రికలు చదువుకొనుచున్న యొక పెద్దమనిషి మమ్ము దగ్గరకు పిలిచి యొక ప్రశ్న వేసెను. ఆయన కుమారుడు అమెరికాలో ఉన్నతవిద్య నభ్యసించుచున్నాడు. “ఏమండీ వకీలుగారూ! మావాడున్న రాష్ట్రములో గంజాయిని అంగడిలో పెట్టి, బోర్డు కట్టి, రసీదు వ్రాసియిచ్చి అమ్ముదురట. సర్కారువారు దానిపై పన్నుకూడ పుచ్చుకొందురట. అయినను మావాడు దానిని ముట్టినట్లు తెలిసినచో వానికి ఆ దేశమున నిలువ నీడ లేకుండ పోవచ్చునట. అమ్మినవానికి లైసెన్సు, కొన్నవానికి శిక్ష! ఇదేమి ధర్మమండీ?” అని యాయన యడిగెను.

నవ్వి యూరకుండదగిన ప్రశ్న కాదిది. దీనికి సమాధానము చెప్పవలెనన్న, అమెరికాదేశపు శాసనచరిత్రలో నొక యధ్యాయమును తిరుగవేయవలెను. 2025 డిసెంబరు 18వ తేదీని అధ్యక్షుడు ట్రంపు ఒక ఉత్తరువుపై చేవ్రాలు చేసి, గంజాయిని మొదటి షెడ్యూలునుండి మూడవ షెడ్యూలునకు మార్చు వ్యవహారమును సాధ్యమైనంత శీఘ్రముగా ముగింపుమని అటార్నీ జనరలును ఆజ్ఞాపించెను. అంతకు మూడేండ్లకు ముందు, 2022 అక్టోబరు 6వ తేదీని, అధ్యక్షుడు బైడెను ఈ పునర్విచారణను ప్రారంభింపజేసెను. అన్ని విషయములందును కత్తులు నూరుకొను రెండు పక్షముల నాయకులు ఈ యొక్క విషయమున నొకే త్రోవను పట్టిరనగా, పాత శాసనమునందు నిలువలేని యసత్యమేదో కలదని తలచుటకు తగిన కారణమున్నది. ఆ యసత్యమేదో, దానిని దిద్దుటవలన నెవరికి మేలు కలుగునో, ఎవరికి కలుగదో విచారింతము.

ముందుగా నొక మాట. మేము గంజాయి పక్షమున వకాల్తా పుచ్చుకొనలేదు. మత్తు మనుష్యుని సగము చంపునని మా విశ్వాసము. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాయంగడిని మూయించినప్పుడు, వారు తెలుగుదేశమున కంతకును నేర్పిన పాఠమును మేము మరచిపోలేదు. ఐనను మత్తును ద్వేషించుట వేరు. మత్తునుగూర్చి శాసనము చేతనే యబద్ధమాడించుట వేరు. దొంగను శిక్షింపవలెను. వానిపై హత్యానేరము మోపరాదు. ఈ సామాన్యన్యాయమే యిచ్చట ప్రశ్న.

1970లో అమెరికా కాంగ్రెసు నియంత్రిత ద్రవ్యముల చట్టమును చేసెను. ఆ చట్టము మందులను, మత్తుపదార్థములను ఐదు షెడ్యూళ్లుగా విభజించినది. మొదటి షెడ్యూలున చేర్చుటకు మూడు లక్షణములుండవలెను. ఆ పదార్థము దుర్వినియోగమునకు మిక్కిలి యవకాశము కలదై యుండవలెను. ఆ దేశమున వైద్యమునం దంగీకృతమైన ఉపయోగము లేనిదై యుండవలెను. వైద్యుని పర్యవేక్షణలో వాడినను క్షేమకరము కానిదై యుండవలెను. హెరాయినుతో పాటు గంజాయిని ఈ మొదటి వరుసలో కూర్చుండబెట్టిరి. కొకెయినును, వేలకొలది ప్రాణములను హరించిన ఫెంటనిల్‌ను రెండవ వరుసలో నున్నవి. అనగా, శాసనదృష్టిలో కొకెయినుకన్న గంజాయి క్రూరమైనది! సారాయమునకును పొగాకునకును ఏ వరుసయును లేదు. చట్టమే వానిని స్పష్టముగా మినహాయించినది. సంసారములను కూల్చుటలో మద్యమునకు గల ప్రావీణ్యమును తెలిసినవారెవరును ఈ పంక్తిభేదమును శాస్త్రీయమని యనజాలరు.

ఈ పంక్తి యెట్లేర్పడెను? 1937లో వచ్చిన మారిహువానా పన్ను చట్టమే దీనికి మూలము. నాటి మాదకద్రవ్యముల శాఖకు అధిపతియైన హారీ యాన్‌స్లింగరు గంజాయిని హత్యలకును ఉన్మాదమునకును తల్లిగా చిత్రించి దేశమెల్ల ప్రచారము చేసెను. అమెరికా వైద్యసంఘము పక్షమున విలియం వుడ్‌వర్డు అను నతడు కాంగ్రెసు సంఘము నెదుట నిలిచి, ఈ చట్టమునకు తగిన సాక్ష్యము లేదని వాదించెను. ఆ వాదము నెవరును చెవి పెట్టలేదు. 1969లో సుప్రీంకోర్టు ఆ పన్ను చట్టమును త్రోసివేసెను. పన్ను కట్టబోయినవాడు తన నేరమును తానే యొప్పుకొనవలసి వచ్చుటచే నది రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఆ లోటును పూరించుటకే 1970 చట్టము వచ్చినది. అప్పుడు ఆరోగ్యశాఖ సహాయకార్యదర్శి రోజరు ఎగెబర్గు, పరిశోధనలు ముగియువరకు గంజాయిని మొదటి షెడ్యూలున నుంచుడని సలహా యిచ్చెను. గమనింపుడు: ముగియువరకు! అది తాత్కాలికపు టేర్పాటు. విచారణకై రేమండు షేఫరు అధ్యక్షతను ఒక సంఘమును నియమించిరి. 1972లో ఆ సంఘము, సొంత వాడుకకై కొద్దిపాటి గంజాయి నుంచుకొనుట నేరముగా నెంచరాదని నివేదించెను. సంఘమును నియమించిన అధ్యక్షుడు నిక్సనే యా నివేదికను నిరాకరించెను. తాత్కాలికముగా కట్టిన గోడ అర్ధశతాబ్దమునకు మించి నిలిచినది.

ఆ గోడను తట్టినవారు లేకపోలేదు. 1972లోనే షెడ్యూలు మార్పునకై యర్జీ పడినది. పదియారేండ్లు గడచిన పిమ్మట, 1988లో, మాదకద్రవ్య నిరోధశాఖకు చెందిన న్యాయాధికారి ఫ్రాన్సిసు యంగు సాక్ష్యములన్నియు విని, గంజాయికి వైద్యోపయోగము కలదనియు, దానిని రెండవ షెడ్యూలునకు మార్చవలెననియు సిఫారసు చేసెను. మరుసటియేట ఆ శాఖాధిపతి దానిని త్రోసిపుచ్చెను. 1994లో న్యాయస్థానము శాఖాధిపతి పక్షమునే నిలిచెను. అర్జీ పెట్టిన నాటినుండి తుదితీర్పు నాటికి ఇరువదిరెండేండ్లు! మన సివిలు కోర్టులలో వ్యాజ్యములు తరములు నడచుననుకొని సిగ్గుపడు మనకు ఇది కొంత యూరట గావచ్చును. క్యాన్సరుమందులవలన వాంతులై యన్నము సహింపక పడియున్న రోగికి మాత్ర మది యూరట కాజాలదు.

ఇందులో మరియొక వింత కలదు. గంజాయిలో మత్తు కలిగించు ముఖ్యద్రవ్యమును కృత్రిమముగా తయారుచేసిన మాత్రను 1985లో అమెరికా ప్రభుత్వమే మందుగా నంగీకరించెను. 1999లో దానిని మూడవ షెడ్యూలునకు దింపెను. గంజాయినుండి తీసిన మరియొక ద్రవ్యమును 2018లో పిల్లల తీవ్రమైన మూర్ఛవ్యాధులకు మందుగా నంగీకరించిరి. సారము మందు; మొక్క మాత్రము ఏ వైద్యమునకును పనికిరాని విషము! వైద్యోపయోగము రుజువు కాలేదు గనుక మొదటి షెడ్యూలున నుంచితిమందురు. మొదటి షెడ్యూలున నున్నది గనుక పరిశోధనకు అనుమతి దుర్లభము. 1968 మొదలుకొని యర్ధశతాబ్దముపాటు పరిశోధకులకు న్యాయసమ్మతమైన గంజాయి మిసిసిపి విశ్వవిద్యాలయపు తోటనుండియే రావలసియుండెను. సాక్షిని గదిలో పెట్టి తాళమువేసి, సాక్ష్యము లేదని దావా కొట్టివేయుట యనగా నిదియే.

ఈ సందర్భమున మన దేశపు పాత సంగతి యొకటి స్మరణీయము. 1893-94లో బ్రిటిషు ప్రభుత్వమువారు భారతదేశమున గంజాయి, భంగు, చరసులనుగూర్చి విచారించుటకు ఒక కమిషనును నియమించిరి. అది దేశమంతట తిరిగి, 1,193 మంది సాక్షుల వాఙ్మూలములు పుచ్చుకొని, ఏడు సంపుటముల నివేదిక ప్రకటించెను. మితముగా వాడువారికి చెప్పుకోదగిన హాని కానరాలేదనియు, అతిగా వాడువారికి హాని కలదనియు, పూర్తి నిషేధముకన్న పన్నుతో కూడిన కట్టుబాటు మేలనియు దాని నిర్ణయము. పరప్రభుత్వమునకు పన్ను మీద నున్న మక్కువ మనకు తెలియనిది కాదు. అయినను ఆ కమిషను సాక్షులను విన్నది. నలువదియేండ్ల తరువాత, ప్రజాప్రభుత్వమని పేరొందిన అమెరికా, వైద్యసంఘపు సాక్షి యెదుట నిలిచి మొరపెట్టుకొన్నను వినలేదు. ప్రభుత్వము ప్రజలదైనంత మాత్రమున శాసనము వివేకము కలది కానేరదు. వినుట యను గుణముండవలెను.

కేంద్రము విననప్పుడు రాష్ట్రములు కదలినవి. 1996లో కాలిఫోర్నియా ప్రజలు వోటువేసి రోగులకు గంజాయి ననుమతించిరి. 2012లో కొలరాడో, వాషింగ్టను రాష్ట్రములు రోగులకేగాక యుక్తవయస్కులందరికి ననుమతించినవి. 2025 నాటికి ఇట్టి రాష్ట్రములు 24. కాని సమాఖ్యచట్టము చెక్కుచెదరలేదు. 2002లో కాలిఫోర్నియాలో ఒక రోగిష్ఠి స్త్రీ తన పెరటిలో పెంచుకొనిన ఆరు మొక్కలను సమాఖ్యాధికారులు పీకివేసిరి. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టునకు పోయెను. పెరటిమొక్కయు రాష్ట్రముల నడిమి వాణిజ్యమును తాకునని 2005లో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి; ముగ్గురు విభేదించిరి. విభేదించినవారిలో నొకరైన న్యాయమూర్తి తామసు 2021లో మరల నీ విషయమునెత్తి, కేంద్రము ఒకచేత సహించుచు, మరియొకచేత నిషేధించుచున్నదని యాక్షేపించెను. పఠనమందిరమున మా పెద్దమనిషి యడిగినదియు నిదియే.

2023 ఆగస్టులో అమెరికా ఆరోగ్యశాఖ తన పరిశీలన ముగించెను. 43 ప్రాంతప్రభుత్వముల క్రింద 30,000 మందికి పైబడిన వైద్యవృత్తివారు 60 లక్షలకు మించిన రోగులకు గంజాయిని సూచించు నధికారముతో నున్నారనియు, నొప్పి, క్యాన్సరు చికిత్సవలని వాంతులు, వ్యాధిమూలకమైన అరుచి యను వానియందు దాని యుపయోగమునకు ఆధారము కలదనియు తేల్చి, మూడవ షెడ్యూలునకు మార్చుమని సిఫారసు చేసెను. 2024 మే నెలలో న్యాయశాఖ అట్లు మార్చుటకు నిబంధనను ప్రతిపాదించెను. సుమారు 43,000 అభిప్రాయములు వచ్చినవి. 2025 జనవరిలో సాగవలసిన విచారణ ఆగిపోయెను. అదే సంవత్సరము డిసెంబరునందు వచ్చినదే పైని చెప్పిన ట్రంపు ఉత్తరువు.

ఇంతకును మూడవ షెడ్యూలు చేయున దేమి? పరిశోధనకు గల కట్లు సడలును. వైద్యోపయోగము లేదను నసత్యము శాసనమునుండి తొలగును. ఇవి రెండును నిజమైన మేళ్లు. మూడవది వ్యాపారులకు మేలు. 1981లో ఒక మత్తుపదార్థముల వర్తకుడు టాక్సు కోర్టుకెక్కి, తన తక్కెడ ఖరీదు, ఇంటియద్దె మొదలైన వ్యాపారపుఖర్చులను ఆదాయమునుండి మినహాయింపజేసికొనెను. మరుసటియేట కాంగ్రెసు మేలుకొని, మొదటి రెండు షెడ్యూళ్ల వస్తువుల వర్తకమునకు అట్టి మినహాయింపు లేదని శాసించెను. నేటి లైసెన్సు దుకాణదారులును ఆ శాసనముచే భారీగా పన్ను కట్టవలసి వచ్చినది. మూడవ షెడ్యూలునకు మారిన వస్తువునకు ఆ భారము తప్పును. ధనికకంపెనీలు ఈ మార్పునకై యింత యుత్సాహము చూపుటలో రహస్యమేమియు లేదు.

అది చేయని దేమి? ఇదియే ముఖ్యము. షెడ్యూలు మారినంతమాత్రమున గంజాయి సమాఖ్యచట్టమున న్యాయసమ్మతము కాదు. రాష్ట్రపు లైసెన్సు దుకాణము కేంద్రదృష్టిలో వైద్యుని చీటీపై మందు లమ్ము ఔషధశాల కాదు. గంజాయి క్రయవిక్రయములకు శిక్షలు షెడ్యూలునుబట్టి గాక, తూకమునుబట్టి చట్టమునందే విడిగా వ్రాయబడియున్నవి. నూరు కిలోగ్రాములకు కనీసము ఐదేండ్లు, వేయి కిలోగ్రాములకు కనీసము పదియేండ్లు. షెడ్యూలుమార్పు వానిని తాకదు. పన్నులో తగ్గింపు పొందువాడు వేరు, కారాగృహమున మ్రగ్గువాడు వేరు. నల్లవారును తెల్లవారును గంజాయి వాడుటలో పెద్ద భేదము లేకున్నను, దానిని కలిగియున్నారని నల్లవారిని పట్టుకొనుట 2018 లెక్కలప్రకారము తెల్లవారికన్న మూడున్నరరెట్లకు పైబడియున్నదని ఆ దేశపు పౌరస్వేచ్ఛాసంఘము లెక్కకట్టినది. ఏ వీధిలో నిన్న నల్లబాలుని చేతికి సంకెలలు పడెనో, ఆ వీధిలోనే నేడు వేరొకడు అద్దాలయంగడి తెరచి లక్ష లార్జించుచున్నాడు. ఈ యన్యాయమునకు షెడ్యూలుమార్పులో మందు లేదు.

ఇక మన బిడ్డల సంగతి. అమెరికా వలసచట్టము మాదకద్రవ్యనేరమును నిర్వచించుటలో ఐదు షెడ్యూళ్లకును భేదము పాటింపదు. మొదటిదైనను మూడవదైనను నియంత్రిత ద్రవ్యము నియంత్రిత ద్రవ్యమే. దేశమునుండి పంపివేయుట యను విషయమున, సొంత వాడుకకై 30 గ్రాములకు మించని గంజాయిని ఒక్కసారి కలిగియుండుట మాత్రమే మినహాయింపు. ప్రవేశము నిరాకరించుటకు శిక్షయే పడనక్కరలేదు; చేసితినని విధ్యుక్తముగా నొప్పుకొనినను చాలును. గంజాయి కంపెనీలో న్యాయముగా ఉద్యోగము చేసినను పౌరసత్వమునకు చిక్కు రావచ్చునని 2019లో వలసశాఖ తన విధానమున ప్రకటించెను. 2022లో బైడెను ప్రసాదించిన క్షమాభిక్ష పౌరులకును, శాశ్వతనివాసము గలవారికిని మాత్రమే వర్తించినది. విద్యార్థి వీసాపై నున్నవారికిని, హెచ్-1బి వీసాపై నున్నవారికిని అది లేదు. పొలమమ్మి, బ్యాంకులో అప్పు తెచ్చి, కొడుకును కూతురును సముద్రము దాటించిన తెలుగు తలిదండ్రు లీ సంగతి తెలిసికొనవలెను. స్నేహితులు చేతబెట్టిన గంజాయి మిఠాయి యొక్క ముక్క, రసీదుతో కొన్నదే యైనను, పదియేండ్ల శ్రమను బూడిదపాలు చేయగలదు. “షెడ్యూలు మారినదట, ఇక భయము లేదట” యను మాట నమ్మరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

ప్రతిపక్షమువారి వాదమును విస్మరింపరాదు. నేటి గంజాయి నిన్నటిది కాదు. అధికారులు పట్టుకొనిన సరకులో మత్తుపాళ్లు 1995లో నూటికి సుమారు నాలుగు. 2021లో నూటికి పదునైదు. లేబ్రాయమున విరివిగా వాడువారికి చిత్తభ్రమ కలుగు నపాయము హెచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. పొగాకుకంపెనీలు బాలురకు వల పన్నినట్లే గంజాయికంపెనీలును పన్నునను భయము నిరాధారము కాదు. మేమీ వాదమును గౌరవింతుము. అయితే దీనివలన సిద్ధించున దేమి? మత్తుపాళ్లకు హద్దు, బాలురకమ్మినవానికి కఠినశిక్ష, ప్రకటనలకు నిషేధము కావలెననియే సిద్ధించును. వైద్యోపయోగమే లేదనియు, కొకెయినుకన్న క్రూరమనియు చెప్పుట యావశ్యకమని సిద్ధింపదు. అతిశయోక్తితో బెదరించిన తండ్రి మాటను, అబద్ధము బయటపడిన నాడు, కొడుకు నిజమైన యపాయమునందును వినడు. ప్రభుత్వమునకు నిదే గతి.

పరదేశపు లోపములను లెక్కించునప్పుడు మన ముంగిటిని చూచుకొనుట మర్యాద. 2020 డిసెంబరు 2వ తేదీని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యసంఘమున, గంజాయిని అత్యంతకఠినమైన నాల్గవ పట్టికనుండి తొలగించు ప్రతిపాదన 27 వోట్లకు 25 వోట్లతో నెగ్గినది. అనుకూలముగా వోటువేసినవారిలో అమెరికాయు భారతదేశమును గలవు. కాని మన 1985 చట్టముప్రకారము 20 కిలోగ్రాములు మించిన గంజాయితో పట్టుపడినవానికి కనీసము పదియేండ్ల శిక్ష. అమెరికా సమాఖ్యచట్టమున పదియేండ్ల కనీసశిక్షకు వేయి కిలోగ్రాములు కావలెను! విశాఖ మన్యమున మూట మోసిన గిరిజనయువకుడు జైలుకు పోవును. బెయిలు దొరకుటయు దుర్లభము. మూట కొని దేశదేశములకు చేరవేయించు షాహుకారు పేరు కాగితమెక్కుట యరుదు. గంజాయితోటలను నరకుట మంచిదే. తోట నరికినచోట కాఫీయో మిరియమో నాటించి, దానికి ధర గట్టించి, ఆ కుటుంబమునకు అన్నము చూపుట యంతకన్న మంచిది. వాషింగ్టనునందు షెడ్యూలు మారినను మారకున్నను, ఈ పని మనదే.

తుదకు తేలినదేమి? షెడ్యూలుమార్పు సత్యమువైపు వేసిన యడుగు, కావున నాహ్వానింతుము. అది సగము త్రోవ, కావున తృప్తిపడజాలము. మిగిలిన సగమును అధ్యక్షుని చేవ్రాలు గాని, శాఖాధిపతి నిబంధన గాని నడువలేదు. శిక్షలను తగ్గించుట, పాతకేసుల మచ్చను చెరపివేయుట, రాష్ట్రశాసనమునకును సమాఖ్యశాసనమునకును నడుమ నున్న వైరుధ్యమును తీర్చుట, ఒక ప్రభుత్వము లైసెన్సిచ్చిన దుకాణమున కొన్నందుకు పరదేశిని మరియొక ప్రభుత్వము వెడలగొట్టకుండ చూచుట - ఇవి అమెరికా కాంగ్రెసు చేయవలసిన పనులు. పన్ను తగ్గినందులకు కంపెనీలు పండుగ చేసికొని, ఖైదీని మరచిపోయిన నాడు ఈ సంస్కరణకు వర్తకమను పేరే మిగులును.

పఠనమందిరపు పెద్దమనిషికి మేము చెప్పిన జవాబు క్లుప్తమైనది: “అయ్యా! అక్కడ రెండు ప్రభుత్వములు, రెండు శాసనములు. మీవానిని దేశమున నుంచునదియు, పంపునదియు రెండవది. మీవాని కీరాత్రియే ఈ సంగతి చెప్పుడు.” ఆయన కండ్లజోడు తీసి తుడుచుకొని, “రేపటిదాక ఏల, ఇప్పుడే చెప్పెదను” అని బయటకు పోయెను. మా పాఠకులలో బిడ్డలను దూరదేశము పంపినవారందరు నట్లే చేయుదురుగాక.